ఆస్పత్రి ముందు 22 మీటర్ల రోడ్డు: రెండు నగరాలు కలిసి మార్చిన ఒక కూడలి

ఈ కేసు ఒక నాలుగు రోడ్ల కూడలిది. ఒక మూలన పెద్ద ఆస్పత్రి, ప్రధాన రోడ్డుకు అవతల బస్‌స్టాప్. బస్సు దిగినవాళ్లు ఆరు లేన్ల రోడ్డు దాటితే తప్ప ఆస్పత్రి గేటు చేరలేరు. కాలికి కట్టుతో వచ్చేవాళ్లు, చంకలో బిడ్డతో వచ్చే తల్లులు, చేతికర్ర సాయంతో నడిచే పెద్దవాళ్లు, వాళ్ల చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు రోజంతా ఆ రోడ్డు దాటుతూనే ఉంటారు. నగరంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లకు నగరంలోని వెడల్పాటి రోడ్లలో ఒకటి అడ్డం పడింది.

ఈ కూడలిని మార్చే పనిలో వీధి డిజైనర్‌గా మొదటి నుంచీ ఉన్నాను. మా నగరం ఈ పనిని ఒంటరిగా చేయలేదు. వేరే దేశంలోని ఒక నగరంతో ఒప్పందం చేసుకుంది, రెండు చోట్లా ఇంజినీర్లు కలిసి పనిచేశారు. ఇలాంటి ఒప్పందాల్లో ఏది నిజంగా పనికొస్తుంది, ఏది కాగితం మీదే ఉండిపోతుంది అన్నది ఈ ఒక్క కూడలిలో స్పష్టంగా కనబడింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

18 సెకన్ల లెక్క

కూడలి పాత ఫైల్లో వాహనాల గురించి లేనిది లేదు. ఏ గంటలో ఎన్ని కార్లు, ఎన్ని బస్సులు, ఎటు ఎన్ని తిరుగుతాయి, క్యూ ఎంత దూరం పెరుగుతుంది, అన్నీ ఉన్నాయి. రోడ్డు దాటే మనుషులు ఎంతమందో ఎక్కడా లేదు. వాళ్ల గురించి ఉన్న అంకె ఒక్కటే: నడిచేవాళ్ల గ్రీన్ 18 సెకన్లు.

ఆ 18 ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం కష్టం కాలేదు. ఒక్కో లేన్ 3.5 మీటర్లు, ఆరు లేన్లకు 21. మధ్యలో డివైడర్ ఒక మీటరు. మొత్తం 22. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజినీరింగ్ పుస్తకాల లెక్క. 22ను 1.2తో భాగిస్తే 18 చిల్లర వస్తుంది. చాలా దేశాల్లో సిగ్నళ్లు ఏళ్ల తరబడి ఈ 1.2 మీదే నడిచాయి. అమెరికా 2009లో తన జాతీయ మాన్యువల్‌లో దాన్ని సెకనుకు నాలుగు అడుగుల నుంచి మూడున్నర అడుగులకు, అంటే సుమారు 1.07 మీటర్లకు తగ్గించింది. 65 ఏళ్లు దాటినవాళ్లలో చాలామందికి ఆ వేగం కూడా అందదు. వాళ్లు 0.8, 0.9 దగ్గర నడుస్తారు. ఆస్పత్రికి వచ్చే మనిషి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

0.8తో లెక్క వేద్దాం. ఒక పెద్దావిడ గ్రీన్ పడిన క్షణమే అడుగు వేసినా 18 సెకన్లలో 14.4 మీటర్లే నడవగలదు. అంటే గ్రీన్ అయిపోయేసరికి డివైడర్ దాటేసి, అవతలి సగంలో మొదటి లేన్‌లో ఉంటుంది. ముందు ఇంకా ఏడున్నర మీటర్లు. వెనక్కి వెళ్దామన్నా డివైడర్ ఒక మీటరే, దాని మీద చెట్ల కుండీలు. ఆవిడ ఏ నియమమూ తప్పలేదు. సిగ్నల్ చెప్పినట్టు నడిచింది, సిగ్నలే ఆవిడను రోడ్డు మధ్యలో వదిలేసింది. ఈ లెక్కను మీటింగ్‌లో బోర్డు మీద వేసి చూపించాక, "జనమే జాగ్రత్తగా దాటాలి" అన్న మాట మళ్లీ వినబడలేదు.

ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో ఏటా దాదాపు 11.9 లక్షల మంది చనిపోతున్నారని, వాళ్లలో సుమారు 23 శాతం నడిచేవాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక చెబుతోంది. అంత పెద్ద అంకె వింటే ఎవరికీ ఏం చేయాలో తోచదు. ఒక కూడలి, ఒక సిగ్నల్, 14.4 మీటర్లు అంటే చేయాల్సిన పని కనబడుతుంది.

సంతకాల తర్వాత

నగరాలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోవడం కొత్తేమీ కాదు. నగరాల అంతర్జాతీయ సంఘం 1913లోనే బెల్జియంలోని ఘెంట్‌లో పుట్టింది. దాని వారసత్వాన్ని 2004లో ఏర్పడిన యూసీఎల్‌జీ అనే నగరాల, స్థానిక ప్రభుత్వాల ప్రపంచ సంఘం బార్సిలోనా కేంద్రంగా కొనసాగిస్తోంది. 2016లో ఈక్వెడార్‌లోని క్విటోలో ఐక్యరాజ్యసమితి సదస్సు ఆమోదించిన న్యూ అర్బన్ ఎజెండాలో నడక గురించీ ఉంది, నగరాల మధ్య సహకారం గురించీ ఉంది. కానీ అక్కడి తీర్మానానికీ, ఇక్కడ ఒక సిగ్నల్ స్తంభాన్ని రెండు మీటర్లు జరపడానికీ మధ్య చాలా దూరం. మేయర్లు సంతకాలు చేస్తారు, ఫొటోలు దిగుతారు, ఒక బృందం వెళ్లి చూసొస్తుంది, రిపోర్టు వస్తుంది. అక్కడితో ఆగిపోయిన ఒప్పందాలు చాలా చూశాను.

మా ఒప్పందంలో ఒక చిన్న షరతు పెద్ద తేడా తెచ్చింది. ప్రతి పనికీ రెండు వైపులా అదే ఉద్యోగం చేసే మనిషి ఉండాలి. మా సిగ్నల్ ఇంజినీరుకు అక్కడి సిగ్నల్ ఇంజినీరు, బస్సుల షెడ్యూల్ చూసే ఆవిడకు అక్కడ ఆ పని చేసే ఆవిడ, రోడ్డు తవ్వకాలకు పర్మిషన్లిచ్చే ఆయనకు అక్కడి పర్మిషన్ల ఆయన. వారానికోసారి వీడియో కాల్, పై అధికారులు లేకుండా. "కేబుల్ డక్ట్ అడ్డొస్తే మీరేం చేశారు?" లాంటి ప్రశ్న సదస్సుల్లో ఎవరూ అడగరు. ఈ కాల్స్‌లో మొదట్లోనే వచ్చింది. ఒకే తలనొప్పి ఉన్నవాళ్లు నేరుగా మాట్లాడుకుంటే విషయం తొందరగా తెములుతుంది. నన్నడిగితే ఈ మొత్తం సహకారంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే.

ముందు మనుషుల్ని లెక్కపెట్టండి

మేం వాళ్లను మొదట అడిగింది డ్రాయింగ్. వాళ్లు మమ్మల్ని అడిగింది లెక్క: ఎవరు, ఎక్కడ, ఎలా దాటుతున్నారు?

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1962 నవంబరులో కోపెన్‌హాగెన్ తన నడిబొడ్డున ఉన్న స్ట్రోయెట్ అనే కిలోమీటరు పైచిలుకు వీధిలోకి కార్లు రాకుండా ఆపింది. చలిదేశంలో వీధిలో ఎవరు తిరుగుతారని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. ఆ వీధిలో ఎంతమంది నడుస్తున్నారు, ఎంతమంది నిలబడుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు అని ఆర్కిటెక్ట్ యాన్ గేల్ ఓపికగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 1994లో మెల్‌బోర్న్ ఆయనతో కలిసి అదే తరహా సర్వే చేసింది. పదేళ్ల తర్వాత మళ్లీ చేసి తేడా చూసుకుంది. ఆ తర్వాత న్యూయార్క్ పిలిచింది. టైమ్స్ స్క్వేర్‌లో ఉన్న మనుషుల్లో పదింట తొమ్మిది మంది నడిచేవాళ్లేననీ, స్థలంలో వాళ్లకు దక్కుతున్నది దాదాపు పదో వంతేననీ తేల్చింది ఇలాంటి లెక్కే. మూడు ఖండాల్లో వీధులు ఒకేలా లేవు. లెక్కపెట్టే తీరు మాత్రం ఒకటే.

మేమూ పగలంతా మనుషుల్ని కూర్చోబెట్టి లెక్కపెట్టించాం. మొదటి రోజే ఒక సంగతి తేలింది. జీబ్రా మీద దాటేవాళ్ల కంటే జీబ్రాకూ కూడలికీ మధ్య ఖాళీలో దాటేవాళ్లే ఎక్కువ. డివైడర్ మీద ఆ చోట గడ్డి పూర్తిగా అరిగిపోయి, మట్టి గట్టిపడి, రెండు కుండీల మధ్య సన్నటి బాట తేలి ఉంది. ఎన్నాళ్ల నుంచో అక్కడే ఉంది. మా డ్రాయింగుల్లో ఎక్కడా లేదు.

ఎందుకలా అంటే, ఆస్పత్రి మూలను 12 మీటర్ల వంపుతో గుండ్రంగా కోసేశారు. దానికి తోడు సిగ్నల్‌తో పని లేకుండా తిరిగిపోయే స్లిప్ లేన్. వంపు ఎంత పెద్దదైతే వాహనం అంత వేగంగా తిరుగుతుంది, జీబ్రా అంత వెనక్కి జరుగుతుంది. గేటు మాత్రం మూలకు దగ్గరగా ఉంది. నొప్పితో ఉన్న మనిషి వెనక్కి నడిచి, దాటి, మళ్లీ ముందుకు నడవడు.

లెక్కల ఫారంలో ఒక కాలమ్ మేం చేర్చాం. వాళ్ల ఫారంలో వయసు, ఆడ, మగ, చక్రాల కుర్చీ, పిల్లల బండి ఉన్నాయి. ఇంకొకరి చెయ్యి పట్టుకుని నడిచేవాళ్లకు గడి లేదు. మా దగ్గర వాళ్లే పెద్ద గుంపు. ఇద్దరు కలిసి నడిస్తే వేగం ఇద్దరిలో నెమ్మదైనవాళ్లది, వెడల్పు ఇద్దరిదీ. ఈ కాలమ్ బాగుందని అవతలి నగరం తన ఆస్పత్రుల దగ్గర సర్వేల్లోనూ పెట్టుకుంది. సహకారం అంటే ఒకరు చెప్పడం, ఇంకొకరు వినడం కాదని మా బృందంలో కుర్రాళ్లకు ధైర్యం వచ్చింది అప్పుడే.

అద్దంలో చూడాల్సిన డ్రాయింగ్

లెక్కలు పంపాక నమూనా డ్రాయింగులు వచ్చాయి. రోడ్డు మధ్యలో ఆగడానికి వీలుగా వెడల్పాటి రెఫ్యూజ్ ఐలాండ్, చిన్న వంపు మూల, స్లిప్ లేన్ మూసివేత. ఆలోచన మాకు నచ్చింది. కానీ నేరుగా వాడుకునే వీలు లేదు.

వాళ్ల ఐలాండ్‌లో రెండు సగాల జీబ్రాలు ఒకే వరుసలో లేవు. మొదటి సగం దాటి ఐలాండ్ చేరిన మనిషి కుడివైపు తిరిగి, ఐలాండ్ మీదే కొన్ని అడుగులు నడిచి, అప్పుడు రెండో సగం దాటాలి. వాళ్ల నగరంలో వాహనాలు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. కాబట్టి రెండో సగంలో వాహనాలు మనిషికి కుడివైపు నుంచే వస్తాయి. అటు తిరిగి నడుస్తుంటే తాను దాటబోయే లేన్లో వచ్చేవన్నీ కళ్లెదుట ఉంటాయి. అందుకే ఆ మలుపు పెట్టారు. మా దగ్గర వాహనాలు ఎడమవైపు నడుస్తాయి. ఆ డ్రాయింగ్‌ను ఉన్నదున్నట్టు దించితే, మనిషి ఐలాండ్ మీద వాహనాలకు వీపు పెట్టి నడుస్తాడు. భద్రత కోసం పెట్టిన మలుపే భద్రత తీసేస్తుంది. మా జూనియర్ ఇంజినీరు ఒకమ్మాయి ఆఫీసులో కుర్చీలు జరిపి, ఆ దారిలో నడిచి చూపించే వరకు రెండు వైపులా ఎవరి కంటికీ ఇది ఆనలేదు. మలుపును ఎడమకు మార్చాం.

ఒక నగరంలో పుట్టిన ఆలోచన అర్థంతో సహా ప్రయాణించాలి. కళ్లు కనబడనివాళ్లు కాలితో తాకి దారి తెలుసుకునేలా ఫుట్‌పాత్‌ల మీద పరిచే పసుపు పలకలు 1965లో జపాన్‌లో సెయిచి మియాకె రూపొందించినవి. 1967లో ఒకాయామాలో అంధుల బడి దగ్గర మొదటిసారి పరిచారు. ఇవాళ ప్రపంచమంతా ఉన్నాయి. గీతలుంటే సాగిపో, చుక్కలుంటే ఆగు అని వాటి అర్థం. మా కూడలిలో పాత పలకల గీతలు సరాసరి ఒక కరెంటు స్తంభం దాకా వెళ్లాయి. రోడ్డు అంచున చుక్కలే లేవు. పరిచినవాళ్లకు రంగు తెలిసింది, భాష తెలియలేదు. వాటిని మొత్తం తీసి, కళ్లు కనబడని ఇద్దరితో నడిపించి చూసి, మళ్లీ వేశాం.

లేన్ పోకుండా చోటు ఎలా వచ్చింది

ఈ పనిలో నాకు ఎక్కువ సంతృప్తినిచ్చిన లెక్క ఇది. ఆరు లేన్లలో ఒక్కటీ తీయలేదు. ఫుట్‌పాత్ వైపు బస్సులు నడిచే లేన్ 3.3 మీటర్లు, మిగతా రెండూ మూడేసి మీటర్లు. ఒక్కో సగం 10.5 నుంచి 9.3కి తగ్గింది. రెండు వైపులా మిగిలిన 2.4 మీటర్లను పాత డివైడర్‌కు కలిపితే 3.4 మీటర్ల ఐలాండ్ వచ్చింది. చక్రాల కుర్చీ, దాన్ని తోసే మనిషి అందులో నిశ్చింతగా నిలబడగలరు. ఐలాండ్‌ను రోడ్డు మట్టానికే ఉంచి చుట్టూ అంచు కట్టాం కాబట్టి కుర్చీ ఎక్కించి దించే పని లేదు.

లేన్ ఇరుకైతే డ్రైవర్లు తమంతట తామే వేగం తగ్గిస్తారు. కారు ముందు భాగం తగిలిన మనిషి చనిపోయే ప్రమాదం 50 కిలోమీటర్ల వేగం నుంచి 65కి వెళ్లేసరికి నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బోర్డు పెట్టి వేగం తగ్గించడం కంటే రోడ్డు ఆకారంతో తగ్గించడం మేలని నా గట్టి అభిప్రాయం. బోర్డును రాత్రి పన్నెండింటికి ఎవరూ చూడరు.

కాంక్రీటు కంటే ముందు కోన్లు

భాగస్వామి నగరం గట్టిగా పట్టుబట్టిన రెండో సంగతి: ముందు కోన్లు, రంగు, కదిలించగల దిమ్మెలతో చేసి చూడండి, తర్వాతే కట్టండి. న్యూయార్క్ 2009 మే నెలలో బ్రాడ్‌వే రోడ్డును టైమ్స్ స్క్వేర్ దగ్గర కార్లకు మూసినప్పుడు మడత కుర్చీలే వేసింది. 2010లో శాశ్వతం చేస్తున్నట్టు ప్రకటించింది, రాతి పనులు పూర్తయ్యేసరికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఆ అనుభవంతో 2016లో గ్లోబల్ స్ట్రీట్ డిజైన్ గైడ్ వచ్చింది. మిలాన్ 2018లో 'పియాత్సే అపెర్తే' పేరుతో అదే దారి పట్టి, రంగులూ బల్లలతో కూడళ్లను జనం కూర్చునే చౌక్‌లుగా మార్చి చూసింది.

మా ప్రయోగం మూడు విషయాలు నేర్పింది. మొదటిది బస్సు. నమూనాలో మూల వంపు 4 మీటర్లు. వాళ్ల బస్సులు మావాటికంటే పొట్టివి. ట్రాఫిక్ తగ్గాక సుద్దతో గీత గీసి, కోన్లు పెట్టి, ఖాళీ బస్సు తెప్పించి తిప్పించాం. అందరం ముందు చక్రం చూస్తూ బాగానే తిరిగిందనుకున్నాం. డ్రైవర్ దిగి వచ్చి, "ముందుది కాదు సార్, వెనక చక్రం చూడండి" అన్నారు. వెనక చక్రం రెండు కోన్లను నలిపేసి, జనం నిలబడే చోటు మీదుగా పోయింది. వంపును 6 మీటర్లు చేసి, బస్సు తిరిగి చేరే రోడ్డులో ఎదురు వాహనాల స్టాప్ లైన్‌ను వెనక్కి జరిపాం. అక్కడ బస్సు కాస్త ఎక్కువ వెడల్పు వాడుకుని తిరుగుతుంది. పెద్ద వాహనాలు ఎక్కి వెళ్లేలా మూలను తక్కువ ఎత్తు దిమ్మెతో కట్టొచ్చని ఒక సూచన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఆ దిమ్మె ఫుట్‌పాత్‌లాగే కనబడుతుంది, జనం దాని మీదే నిలబడతారు.

రెండోది ఐలాండ్ మీద మలుపు. ఎడమకు సరిచేసినా జనం దాన్ని పట్టించుకోలేదు. కోన్ల మధ్య నుంచి నేరుగా నడిచారు, ముఖ్యంగా రోగిని పట్టుకుని నడిచేవాళ్లు. అవతలివాళ్లు రెయిలింగ్ పెడదామన్నారు. మా లెక్కల్లో సగం మంది ఇద్దరిద్దరుగా దాటుతున్నప్పుడు రెయిలింగ్ వాళ్లను ఇరికిస్తుందే తప్ప దారి చూపదు. మలుపు తీసేసి నేరుగా చేశాం. జీబ్రా ఇప్పుడు సరిగ్గా ఆ అరిగిన గడ్డి మీదుగా పోతుంది.

మూడోది మూలలో ఆగే వాహనాలు. జీబ్రా పక్కనే ఏదైనా ఆగి ఉంటే వెనక నుంచి వచ్చే డ్రైవర్‌కు పిల్లలు అసలు కనబడరు. అమెరికాలోని హోబోకెన్ అనే చిన్న నగరం మూలల దగ్గర పార్కింగ్ తీసేయడాన్ని తన ముఖ్యమైన చర్యల్లో ఒకటిగా పెట్టుకుంది. 2017 తర్వాత ఏళ్ల తరబడి అక్కడ ఒక్క రోడ్డు మరణం కూడా లేదు. మేం ఆ జాగాలో సైకిల్ స్టాండ్లు పెట్టాం. ఎత్తు తక్కువ, చూపుకు అడ్డం రావు, కారు పట్టదు.

ఎవరెవరు ఎందుకు వద్దన్నారు

ఆస్పత్రి వాళ్ల భయం అంబులెన్సు. అది న్యాయమైన భయం. బస్సు తిరిగిన మూలలో అంబులెన్సు సులువుగా తిరుగుతుందని డ్రైవర్లతోనే తిప్పించి చూపించాక ఒప్పుకున్నారు.

ట్రాఫిక్ విభాగం మాత్రం రోడ్డు స్తంభించిపోతుందంది. న్యూయార్క్ అంకెలు ముందు పెట్టాం: టాక్సీల జీపీఎస్ లెక్కల ప్రకారం ఆ ప్రాంతంలో ఉత్తరానికి వెళ్లే ప్రయాణాలు 17 శాతం వేగం పుంజుకున్నాయి, దక్షిణానికి వెళ్లేవి 2 శాతం నెమ్మదించాయి. నడిచేవాళ్లకు గాయాలు 35 శాతం, వాహనాల్లో ఉన్నవాళ్లకు 63 శాతం తగ్గాయి. ఆ అంకెలు ఎవరినీ కదిలించలేదు. అదెక్కడి నగరం, ఇదెక్కడి నగరం అన్నారు, ఆ మాటలో నిజం ఉంది. వాళ్లను మార్చింది కోన్ల ప్రయోగం నడిచిన వారాల్లో సొంత కళ్లతో చూసిన క్యూ. లేన్ల సంఖ్య మారలేదు కాబట్టి క్యూ కూడా పెద్దగా పెరగలేదు. పరాయి నగరం అంకె మాకు తలుపు తీయించింది, లోపలికి తీసుకెళ్లింది మాత్రం మా రోడ్డు మీది లెక్కే.

కట్టాక

ఇప్పుడు జీబ్రా మీద దాటేవాళ్లే ఎక్కువ. డివైడర్ మీద కొత్త బాటలేవీ పడలేదు. మూల తిరిగే వాహనాలు దాదాపు ఆగి తిరుగుతున్నాయి. మేం అనుకోని వాడకం కూడా ఒకటి కనబడింది. స్లిప్ లేన్ మూసిన జాగాలో బల్లలు వేస్తే, రిపోర్టుల కోసం ఎదురుచూసే బంధువులు అక్కడ కూర్చుంటున్నారు. వాళ్లు ఇంతకుముందు గేటు మెట్ల మీద కూర్చునేవాళ్లు. నీడ చాలడం లేదు, ఇంకో వరుస చెట్లు కావాలి. రంగు వేసిన చోట్ల ఏడాది తిరక్కుండానే మళ్లీ వేయాల్సి వస్తోంది. దానికి బడ్జెట్‌లో విడిగా పద్దు లేకపోవడం పెద్ద లోటు. ఇలాంటి ఒప్పందం చేసుకునే నగరాలు మెయింటెనెన్స్ చూసే విభాగాన్ని మొదటి కాల్ నుంచే కూర్చోబెట్టాలి. మేం మా తర్వాతి రెండు కూడళ్లకు అలాగే చేస్తున్నాం.

సిగ్నల్ విషయం ఇంకా తేలలేదు. 22 మీటర్లు 0.8తో దాటడానికి 27.5 సెకన్లు పడుతుంది, అంటే 28 కావాలి. బేరసారాల తర్వాత 24 వచ్చాయి. అదే పెద్దావిడ గ్రీన్ పడగానే బయల్దేరితే, ఐలాండ్ అవతలి అంచు చేరేసరికి దాదాపు 8 సెకన్లు మిగులుతాయి. ముందున్న 9.3 మీటర్లకు ఆవిడకు పదకొండున్నర పైనే కావాలి. ఐలాండ్ ఉంది కాబట్టి క్షేమంగా ఆగగలదు, కానీ మళ్లీ గ్రీన్ వచ్చేదాకా ఎండలో నిలబడాలి. మిగతా 4 సెకన్లు ఇవ్వాలంటే మొత్తం సిగ్నల్ సైకిల్‌ను, అంటే అన్ని వైపులకూ ఒక చుట్టు గ్రీన్ ఇచ్చే సమయాన్ని మార్చాలి, దాంతో పక్క రెండు సిగ్నళ్లూ కదులుతాయి. రెండు నగరాల సిగ్నల్ ఇంజినీర్లు ఇప్పుడు ఆ మూడు సిగ్నళ్లనూ కలిపి కొత్త టైమింగ్ తయారుచేస్తున్నారు. బస్సుల రద్దీ తక్కువుండే మధ్యాహ్నం వేళల్లో ముందు 28 పెట్టి చూడాలన్నది మా ప్రతిపాదన. ఓపీకి వచ్చిన పెద్దవాళ్లు బస్‌స్టాప్‌కు తిరిగి వెళ్లేది కూడా ఆ వేళల్లోనే.